ఏ ఆట కావాలని అడిగిన ఏసోబు సారు

వేసవి సెలవుల్లో యాదగిరిగుట్టకు వెళ్లి, దర్శనం చేసుకుని, గుట్ట దిగి బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో ప్రసాదం పొట్లం, నెత్తిన చెంగు, పైన నిప్పులు చెరిగే ఎండ. అప్పుడు ఫోను మోగింది. మా బడి పాత విద్యార్థి శంకర్. "టీచర్, ఏసోబు సారు ఇగ లేడు. పొద్దుగాల ఛాతిల నొప్పన్నడంట. భువనగిరి దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పాణం పోయింది" అన్నాడు. ఏ ఏసోబు అని అడిగాను. మా మండలంలో ఆ పేరు గలవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంకెవరో అయి ఉంటారని నా మనసు ఒక్క క్షణం స్వార్థంగా ఆశపడింది. "మన డ్రిల్లు సారే టీచర్" అని వాడు ఏడ్చాడు. నేను ఎక్కాల్సిన బస్సు నా ముందు నుంచే వెళ్లిపోయింది.

ఏళ్ల తరబడి తెలుగు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. సంతాప సభలకు నాలుగు మాటలు రాసివ్వమని ఎవరు అడిగినా రాసిచ్చాను. సహృదయులు, మృదుభాషి, అజాతశత్రువు వంటి మాటలు నా కలం మొన మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఏసోబు సారుకు వాటిలో ఒక్కటీ సరిపోదు. ఆయన గొంతెత్తితే పక్క వీధిలో కుక్కలు లేచేవి. శత్రువులు లేకపోవడమేమిటి, లెక్కల సార్లందరితోనూ ఆయనకు ఏదో ఒక పేచీ ఉండేది. నాకు కొలువు ముగిసే రోజులు దగ్గరపడ్డాయి, శరీరం అలసింది, అందమైన అబద్ధాలు రాసే ఓపిక లేదు. కనుక చూసింది చూసినట్టు రాస్తాను.

రామన్నపేట వైపు ఒక పల్లెలోని మా ఉన్నత పాఠశాలకు ఆయన వ్యాయామోపాధ్యాయుడిగా వచ్చింది తెలంగాణ రాష్ట్రం రావడానికి ఆరేడేళ్ల ముందు. పొట్టి మనిషి, మెడ ఉందా లేదా అనిపించే భుజాలు, ఎండకు కమిలిన ముఖం. కూలి చేసుకుని బతికిన తల్లిదండ్రుల బిడ్డ. "మాకు గుంట భూమి లేకుండె మేడం. గానీ కోతలైనంక ఎవని చేనైనా మాదే గదా, గా చేన్లనే కబడ్డి నేర్చిన" అనేవాడు. ఆ కబడ్డీయే ఆయనకు చదువునిచ్చింది, కొలువునిచ్చింది. పక్క ఊరి పోటీలో ఈయన ఆట చూసి, ఆయన భార్య మరియమ్మ తండ్రి పిల్లనిస్తానన్నాడట. కనుక సంసారాన్ని కూడా కబడ్డీయే ఇచ్చినట్టు లెక్క. "బియ్యం కార్డొక్కటే కబడ్డి ఇయ్యలే" అని మరియమ్మ దెప్పేది.

ఆయన వచ్చిన కొత్తలోనే అధ్యాపకుల సమావేశంలో ఒక తగవు జరిగింది. పెద్ద తరగతుల చివరి పీరియడ్ ఆటలకు ఎందుకు, పరీక్షా ఫలితాలు ముఖ్యం కదా అని అప్పటి ప్రధానోపాధ్యాయులు అన్నారు. మాటకు మాట పెరిగింది. చివరికి ప్రధానోపాధ్యాయులే, "సరే, బలవంతంగా ఆడిస్తే అది ఆట కాదు. ఏటా జూన్‌లో పిల్లలనే అడగండి. మాకు ఫలానా ఆట కావాలని అడిగేవాళ్లుంటే పీరియడ్ ఉంచుదాం, లేకపోతే చదువుకిద్దాం" అన్నారు. ఏసోబు సారు క్షణమైనా ఆలోచించకుండా ఒప్పుకున్నాడు. తర్వాత ప్రధానోపాధ్యాయులు మారారు గానీ ఆ ఒప్పందం మారలేదు, మా బడికి అదొక ఆచారమైపోయింది. ఆ మాట ఇచ్చినందుకు ఆయనను నేను చాలాసార్లు తిట్టాను. "పిల్లలు ఆట అడగకుంట ఉంటరా మేడం, ఏం ముచ్చట మీది" అని నవ్వేవాడు.

అప్పుడు ఆ నవ్వుకు కారణం ఉంది. మొదటి జూన్‌లో ప్రార్థన అయ్యాక, పెద్ద తరగతుల పిల్లల ముందు నిలబడి, విజిల్ నోట్లోంచి తీసి, "ఏం ఆట గావాలెరా?" అని అడిగాడు. మగపిల్లలందరూ కబడ్డీ అని అరిచారు. ఆడపిల్లలు ఖోఖో అన్నారు. చేతులన్నీ పైకి లేచి, గాలికి ఊగే జొన్నచేనులా కనిపించాయి. ఆ మధ్యాహ్నమే ఆయన ముగ్గు బకెట్టు పట్టుకుని మైదానంలో గీతలు గీశాడు. అడిగిన ఆటకే గీత, అడగని ఆటకు గీత లేదు. అది ఆయన పెట్టుకున్న నియమం. ఆ ఏడు శంకర్ పదో తరగతి. వాడు కూతకు వెళ్తే అవతలి పక్షం గీత దాకా వెనక్కి తగ్గేది. మండల పోటీల్లో వాడి మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే నేను ఆపమన్నాను. ఏసోబు సారు నా వైపు చూడకుండానే, "ఓడితే ఓడనియ్యుండ్రి మేడం, ఆడి ఓడనియ్యుండ్రి" అన్నాడు. వాళ్లు ఓడిపోయారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అందరికంటే బిగ్గరగా పాడింది ఆయనే.

ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. ఊళ్లో యువజన సంఘం పిల్లలు వాలీబాల్ నెట్టు కట్టారు. సాయంత్రం పూట అన్నలు ఎగిరి బంతిని కొట్టడం చూసి బడిపిల్లల మనసు అటు తిరిగింది. ఒక జూన్‌లో కబడ్డీకి లేచిన చేతులు పలచబడ్డాయి, మరుసటి జూన్‌లో ఇంకా పలచబడ్డాయి. చివరికి ఒక ఏడు ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ రోజు స్టాఫ్ రూం కిటికీలోంచి చూశాను. ఆయన చీపురు పట్టుకుని, పాత కబడ్డీ గీతల ఆనవాళ్లను తానే ఊడ్చేస్తున్నాడు. అటెండరు చేస్తానన్నా ఇవ్వలేదు. నేను వెళ్లి, "ఉంచరాదూ సారూ, ఎవరైనా ఆడకపోతారా" అన్నాను. "అడగని ఆట గీసి పెడితే అది నా ఆట అయితది మేడం, పిల్లల ఆట గాదు" అన్నాడు. మళ్లీ వంగి ఊడ్వసాగాడు.

ఆ తర్వాత క్రికెట్. మా పల్లెల మీదికి అది ఎప్పుడు వచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేరు, వానాకాలం తుమ్మమొక్కలా అన్నిచోట్లా ఒకేసారి కనిపించింది. వాలీబాల్ నెట్టు చిరిగి వేలాడుతుంటే దాని గుంజలనే వికెట్లు చేసుకున్నారు. ఏసోబు సారుకు ఆ ఆటంటే తగని చులకన. "ఇద్దరు ఆడుడు, మిగిలినోళ్లు నిలవడుడు. పెండ్లిల బఫే లెక్క" అనేవాడు. అన్నాడే గానీ, చేతులు క్రికెట్‌కు లేచిన రోజున మారు మాట్లాడకుండా పార పట్టి, మైదానం నడుమ నేలను చదును చేసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి పిచ్ తయారు చేశాడు. తనకు ప్రాణమైన ఆటను తుడిచిన చేతులతోనే తనకు గిట్టని ఆటకు నేల సిద్ధం చేయడం మామూలు మనిషికి సాధ్యమయ్యే పని కాదు. ఆ రోజుల్లో నాకది వెర్రిగా తోచింది. పీరియడ్ నిలబెట్టడానికే ఇదంతా అని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఆయన జీవితంలో ఒకసారి మాత్రం పండుగ తిరిగొచ్చినట్టయింది. టీవీలో కబడ్డీ పోటీలు రావడం మొదలైంది. రంగురంగుల బనీన్లు, దీపాల వెలుగు, సినిమా వాళ్లు చప్పట్లు కొట్టడం. ఆ జూన్‌లో పిల్లలు మళ్లీ కబడ్డీ అని అరిచారు. ఆయన ముఖం చూడాల్సింది. చెరువుల పూడిక తీస్తున్న కాలమది. ఎవరినో బతిమాలి ట్రాక్టరుతో మెత్తని ఒండ్రుమన్ను తెప్పించాడు, అందులో రంపపు పొట్టు కలిపాడు, పిల్లల మోకాళ్లకు దెబ్బ తగలకుండా రోజూ తడిపాడు. "ఇగ చూస్కోండ్రి మేడం, గీ మన్నుల పడ్డోడు మల్ల లేవనంటడు" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

పిల్లలు వచ్చారు, మన్నును కాలితో తోసి చూశారు. "సార్, నీలం మ్యాట్ ఏది? బూట్లు ఎప్పుడిస్తరు?" అని అడిగారు. వాళ్లు అడిగింది టీవీ కబడ్డీ. ఆయన విన్నది చేనులో కబడ్డీ. సరే, ఆట మొదలుపెట్టారు. మొదటి కుర్రవాడు గీత దాటాడు. నోరు మూసుకుని దాటాడు. సారు విజిల్ ఊది, "కూతేదిరా?" అన్నాడు. వాడు అయోమయంగా చూసి, "టీవీల అనరు గద సార్" అన్నాడు. వాళ్లు అనకపోవడమేమిటి, అంటారు. కాని వ్యాఖ్యాతల అరుపుల్లో, పాటల హోరులో ఆ గొంతు మన పిల్లల చెవిన పడలేదు. కబడ్డీ అంటే మూగగా వెళ్లి తాకి వచ్చే ఆట అనుకున్నారు. ఆ సాయంత్రం ఆయన నా ఎదుట కూర్చుని కాళ్లకు అంటిన మన్ను దులుపుకున్నాడు. తర్వాత, "గుక్క పట్టి కూత వెట్టుడే కబడ్డి మేడం. ఊపిరి అయిపోయేలోపు మనోళ్ల దగ్గరికి మర్లి రావాలె. గంతే ఆట. గదే వీళ్లకు ఎర్కలేదు" అన్నాడు. కూత నేర్పాలని చూశాడు గానీ వాళ్లు సిగ్గుపడి నవ్వుకున్నారు. రెండు వారాలకు బట్టలకు మన్ను అంటుతోందని తల్లులు వచ్చి గొడవ పెట్టారు. వానలకు ఆ ఒండ్రు కొట్టుకుపోయింది.

కరోనా కాలం గురించి రాయాలంటే చెయ్యి రాదు. బడి మూతబడింది, పాఠాలు ఫోన్లలోకి వెళ్లాయి, ఫోను లేని ఇంట్లో కూడా అప్పుచేసి ఫోను తెచ్చారు. మమ్మల్ని ఇంటింటికీ తిరిగి పిల్లలు పాఠం చూస్తున్నారో లేదో కనుక్కోమన్నారు. ఒక వీధిలో నేను, ఏసోబు సారు కలిసి వెళ్లాం. మగ్గం గుంటలున్న ఒక ఇంటి అరుగు మీద పిల్లలు వరుసగా కూర్చుని, ఫోన్లలోకి తలలు వంచుకుని, "వెనకాల ఉన్నడ్రా, కాల్చు, కాల్చు" అని అరుస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం వాళ్ల పక్కనే చతికిలబడి, "నాకు గూడ జర నేర్పుండ్రిరా" అన్నాడు. వాళ్లు నిజంగానే నేర్పారు. ఆయన ఆడీ ఆడకముందే చచ్చిపోయాడు, ఆ ఆటలో. పిల్లలు పడీ పడీ నవ్వారు. తిరిగి వస్తూ నేను సాధించాను, వాళ్లను మందలించాల్సింది పోయి మీరూ కూర్చున్నారేమిటని. "ఇందుల గూడ ఒకల్నొకలు పిల్చుకుంటున్నరు మేడం, చూసిండ్రా? కలిసి ఆడాలని పిల్లలకు ఉన్నది. ఒంటికి చెమటనే లేదు" అన్నాడు. ఆయనకు పిల్లల మీద కోపం రాకపోవడం నాకు అప్పుడప్పుడు చిరాకు తెప్పించేది.

బడులు తెరిచాక మైదానం చుట్టూ ఒక్క చుట్టు పరుగెత్తమంటే పిల్లలు సగంలో కూర్చుండిపోయారు. జూన్‌లో చేతులు ఎత్తడం అనేది ఒక గండంలా మారింది. కొందరు క్యారమ్స్ అన్నారు, ఒకడు ఫోను ఆట అని గొణిగితే అందరూ నవ్వారు. స్టాఫ్ రూంలో చివరి పీరియడ్ మీద చర్చ ఏటా పెరిగేది, సారు ఏటా ఒంటరి అయ్యేవాడు.

రెండేళ్ల కిందటి జూన్‌లో ఆ పీరియడ్ పోయినంత పని అయింది. ఆయన అడిగాడు, "ఏం ఆట గావాలె?" ఎవరూ కదల్లేదు. మగపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఎనిమిదో తరగతి వరుసలోంచి మౌనిక అనే పిల్ల చెయ్యెత్తింది. చీరలు నేసే ఇంటి పిల్ల. "సార్, మాకు క్రికెట్ గావాలె. ఆడోళ్లకు" అంది. మగపిల్లలు ఈలలు వేశారు. మౌనిక చెయ్యి దించలేదు. ఆ పిల్ల వెనక ఇంకో చెయ్యి లేచింది, తర్వాత ఆడపిల్లల వరుసలన్నీ లేచాయి. ఏసోబు సారు విజిల్ ఊది ఈలలు ఆపించాడు. తర్వాత నెలరోజులూ ఆయన మౌనిక దగ్గర క్రికెట్ నియమాలు చెప్పించుకున్నాడు, ఎందుకంటే అన్నేళ్లు పిచ్ తయారు చేసినా ఆ ఆట సూత్రాలు ఆయన పట్టించుకోలేదు. "నో బాల్ అంటే ఏందే బిడ్డా?" అని ఆయన అడగడం, ఆ పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని పెద్దమనిషిలా వివరించడం చూసి నాకు చాలా ఏళ్ల తర్వాత ఈ మనిషి సుఖంగా ఉన్నాడనిపించింది. నిలబడే ఆట అని వెక్కిరించినవాడు ఎండలో నిలబడి ఆడపిల్లల ఓవర్లు లెక్కపెట్టాడు.

చివరిసారి ఆయనను చూసింది బడికి సెలవులిచ్చిన రోజున. ఇద్దరం వరండాలో నీడకు నిలబడ్డాం. ఆయన కాళ్లు వాచి ఉన్నాయి, ముఖం పాలిపోయి ఉంది. "అలుపొస్తున్నది మేడం" అన్నాడు. ఆ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "ఇంకెందుకు సారూ ఈ పట్టుదల? కబడ్డీ పోయింది, ఖోఖో పోయింది, వాళ్లడిగే ఆట ఏటా మారుతోంది. ఆ పీరియడ్ లెక్కల సారుకిచ్చేసి హాయిగా కూర్చోండి" అన్నాను. విసుగుతోనే అన్నాను, ఆయన మీద జాలితో కూడా అన్నాను. ఆయన మైదానం వైపు చూస్తూ, "ఆట మారితే నాకేం ఫికర్ లేదు. గీ పోరగాండ్లు బడి ఇడిసినంక కూలికి పోతరు, మగ్గం మీద కూసుంటరు, కంపెనీకి పోతరు. నీకేం గావాలెరా అని వాళ్లను మల్ల ఎవడన్న అడుగుతడా మేడం? మనమే గద అడిగేది. గీ ఒక్కసారే గద" అన్నాడు. బస్సు వస్తోందని బయల్దేరాను.

ఆయన అంత్యక్రియలు వాళ్ల ఊరి క్రైస్తవ శ్మశానంలో జరిగాయి. పాస్టరు ప్రార్థన చేస్తుంటే ఎండలో నిలబడ్డ జనంలో ఎక్కువమంది ఆయన శిష్యులే. ఆటోలు నడిపేవాళ్లు, చీరలు నేసేవాళ్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు. శంకర్ ఇప్పుడు హైవే పక్కన వలలు కట్టిన చిన్న క్రికెట్ స్థలంలో దీపాలు వేసి, గంటల లెక్కన కిరాయికిచ్చే పనిలో ఉన్నాడు. సిగ్గుపడుతూ ఆ సంగతి నాకు చెప్పి, "సారుకు చెప్తే తిడ్తడనుకున్న టీచర్. ఒకనాడు వచ్చి చూసి, బాగున్నదిరా, పిల్లలు ఉరుకుతున్నరు గద, అన్నడు" అన్నాడు. మరియమ్మ నా చేతులు పట్టుకుని, "బడి తెరుస్తరు గదా మేడం, ఇగ పిల్లలను ఎవరు అడుగుతరు?" అంది. భర్త పోయిన ఇల్లాలు అడగాల్సిన ప్రశ్నేనా అది? నాకు దుఃఖం ఆగలేదు.

బడి తెరిచారు. ఇప్పటి ప్రధానోపాధ్యాయులు మంచి మనిషి, ఏసోబు సారంటే గౌరవమున్నవారు. ప్రార్థన తర్వాత ఆయన చిత్రపటానికి దండ వేయించారు, నాలుగు మాటలు చెప్పారు, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. పిల్లలందరూ తలలు వంచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్క దగ్గు కూడా వినపడలేదు. మౌనం ముగిసిందని చెప్పే గంట కొట్టడం అటెండరు మరిచిపోయాడు. ప్రధానోపాధ్యాయులు కళ్లు తుడుచుకుని, సారు ఆచారాన్ని సారు పేరునే సాగించాలని తలచి, "ఏసోబు సారు ఏటా అడిగినట్టే నేను అడుగుతున్న. ఈ ఏడు మీకు ఏ ఆట కావాలి? ఆట పీరియడ్ కావాలన్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు.

ఒక్క చెయ్యీ లేవలేదు. తలలు వంగినవి వంగినట్టే ఉన్నాయి. ఆయన కాసేపు ఎదురుచూశారు. నా కళ్లలో నీళ్లు, ముక్కు తుడుచుకుంటున్నాను, ఎవరో ఒకరు అడుగుతారులే అనుకున్నాను. "సరే" అని ఆయన నిట్టూర్చారు. పిల్లలు వరుసల్లో తరగతులకు వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి కొత్త టైం టేబుల్ గోడకెక్కింది. పెద్ద తరగతుల చివరి పీరియడ్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం, ఇంగ్లిషు ఉన్నాయి.

సాయంత్రం మౌనిక ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు పదో తరగతి. "టీచర్, ఆట పీరియడ్ తీసేసిండ్రా?" అంది. "ఎవరూ చేతులెత్తలేదు కదమ్మా, ఎందుకెత్తలేదు?" అని నేను కాస్త గట్టిగానే అడిగాను. ఆ పిల్ల బిత్తరపోయింది. "సారు కోసం మౌనం గద టీచర్, అయిపోయిందని గంట గూడ కొట్టలే. కదిలితే సారుకు మర్యాద గాదని ఊకున్నం. చేతులు గట్టుకొని నిలవడాలె అన్నరు గద" అంది. పక్కనున్న పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. వాళ్లను అక్కడే నిలబెట్టి నేను ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. తర్వాత మెల్లగా, "టైం టేబుల్ పైకి పంపేసిన మేడం. డ్రిల్లు సారు పోస్టు ఖాళీ, మల్ల ఎప్పుడు నింపుతరో తెలవదు. మైదానంల ఎవరన్న కాలు ఇరగ్గొట్టుకుంటే జవాబు చెప్పేదెవరు? వచ్చే జూన్‌ల చూద్దాం" అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. బయటికి వచ్చి మౌనికకు ఆ మాటే చెప్పాను. వచ్చే జూన్‌కు తాను ఈ బడిలో ఉండనని ఆ పిల్లకు తెలుసు. సరే టీచర్ అని సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయింది.

ఏసోబు సారూ, మీ పిల్లలు మిమ్మల్ని మరిచిపోయి పీరియడ్ పోగొట్టుకోలేదు. మీ మీది మర్యాదతోనే పోగొట్టుకున్నారు. మీకు వాళ్లు పాటించిన మౌనమంత నిండైన నివాళిని ఇన్నేళ్ల నా కొలువులో నేను చూడలేదు, నా పాండిత్యమంతా పోగేసినా అందులో పిసరంత రాయలేను. కాని మీరు బతికి ఉంటే ఆ మౌనాన్ని మీరే విజిల్ ఊది భగ్నం చేసేవారు. మా పాఠశాలకు మరొక వ్యాయామోపాధ్యాయుడు ఎప్పుడో వస్తాడు, ఆయన మంచివాడే కావచ్చు. వచ్చేదాకా చివరి పీరియడ్‌లో పిల్లలు లెక్కలు చేస్తారు. నీకేం కావాలని వాళ్లను అడిగేవారు ఇక లేరు.